ఫ్లాష్ వేయని వెంకటన్న

ఈ మధ్య శంషాబాద్ బజారులో సీతాఫలాల గంప ముందు ఆగాను. కాయల కింద పరిచిన ఆకు నా వేళ్ల మధ్య నలిగి ఘాటైన వాసన వచ్చింది. ఆ వాసన వెంట వెంకటన్న గుర్తొచ్చాడు. ఆరాంఘర్ దగ్గర పెళ్లిళ్ల ఫోటో స్టూడియో నడిపిన మనిషి. ఆయన దగ్గర నేను ఆరేళ్లు ఆల్బములు తయారుచేశాను. పెళ్లివాళ్ల ముఖాల మీద లైట్లు గుప్పించే ఆయన, పున్నమి వస్తే మాత్రం ఒక్క దీపమూ లేకుండా సీతాఫలం చెట్లు నిండిన అడవిని ఫోటో తీసేవాడు. ఆయన పోయి రెండేళ్లయింది.

మొదటిసారి మామిడిపల్లి దాటి అడవికి వెళ్లినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. అటవీశాఖ అనుమతి కాగితం ఆయన జేబులో ఉంది. భార్య లక్ష్మక్క చాయ్ ఫ్లాస్కుతో మా వెంట వచ్చింది. దారి కనపడక నేను ఫోన్ లైటు వేశాను.

"బంద్ చెయ్యమ్మా. జర సేపు ఊకె నిలవడు. కండ్లకు అలవాటైతది," అన్నాడు.

పావుగంటకు చెట్ల మొదళ్లు ఒక్కొక్కటిగా తేలాయి. తర్వాత బండలు, వాటి మీద కొమ్మల నీడలు. వెన్నెలకు నీడ అంత నల్లగా పడుతుందని పల్లెలో పుట్టిన నాకే తెలియదు.

"ఏమేం కనవడ్తున్నయి? ఒక్కటి ఇడువకుండ చెప్పు," అన్నాడు. చెప్పాను. నేను చెప్పిన దిక్కుకే కెమెరా పెట్టించాడు. రెండు నిమిషాలు లెన్సు తెరిచి ఉంచాలి. ఆలోపు శంషాబాద్‌లో దిగే విమానం వస్తే దాని దీపాలు ఫోటోను అడ్డంగా గీరేస్తాయి. అలా మూడు పాడైనా ఆయన విసుక్కోలేదు. "ఇది పోయినంక మళ్ల తీద్దాం. అడవి యాడికి పోతది?"

అలా ఎన్నో పున్నములు, ప్రతిసారీ అదే ప్రశ్న. నాకు నేర్పడానికే అడుగుతున్నాడనుకున్నాను. ఒకసారి ఆయన రాయి తట్టుకుని పడబోతే లక్ష్మక్క పట్టుకుంది. ఆయన కొంచెం దూరం జరిగాక నాతో మెల్లగా అంది: "మీ అన్నకు చీకట్ల ఏం కనవడ్తలేదు సునీతా. షుగర్ కండ్లకు కొట్టింది. నిన్ను తోల్కరాక ముందు సందే గిట్ల. నీకు చెప్పొద్దన్నడు."

అన్నాళ్లూ ఆయన అడవిని నా కళ్లతో చూశాడు.

ఆ ఏడాదే నగరంలో ఒక ప్రదర్శనకు మా ఫోటో ఒకటి పంపాడు. వెళ్లి చూస్తే కింద నా పేరుంది. నేను నోరు తెరిచేలోపే, బహుమతులు నిర్ణయించే పెద్దమనిషి దాని ముందు ఆగారు. "ఇది పగలు తీసింది కదండీ. వెన్నెల అని రాస్తే ఎలా?" అన్నారు. నేను వెంకటన్న వైపు తిరిగాను. ఆయన చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాడు.

"నన్నేంది చూస్తవ్? తీసింది నువ్వు. నువ్వే చెప్పు."

ముందుకెళ్లి, కొమ్మల సందులో ఆకాశం చూపించాను. "ఈ చిన్న గీతలు చుక్కలు సార్. లెన్సు తెరిచి ఉన్నంతసేపు అవి జరిగాయి, అందుకే గీతల్లా పడ్డాయి. పగలైతే చుక్కలుండవు కదా." పెద్దమనిషి దగ్గరగా వంగి చాలాసేపు చూశారు. "ఎవరు నేర్పారమ్మా?" అన్నారు. గోడ దగ్గరున్న మనిషిని చూపించాను.

బహుమతి మాకు రాలేదు. వెంకటన్నకు ఆ పట్టింపే లేదు. తిరుగు బస్సులో కండక్టరుతో సహా అందరికీ చెప్పాడు: "గీ పిల్ల ఫోటోగ్రాఫర్." అప్పటిదాకా నేను స్టూడియోలో పనిచేస్తానని మాత్రమే చెప్పుకునేదాన్ని. ఇప్పుడు నువ్వేం చేస్తావని ఎవరడిగినా, బస్సులో ఆయన అన్న ఆ మాటే తడుముకోకుండా చెప్తాను.