మా మడికి ఆఖరి తడి

మా నాయిన ఊరికి నీరటి. పాన్‌గల్ దగ్గర మా ఊరి చెరువు తూము తీయడం, మూయడం, పార భుజాన వేసుకుని కాలువ వెంబడి తిరుగుతూ వంతు ప్రకారం ఒక్కొక్కరి మడికి నీళ్ళు మళ్ళించడం ఆయన పని. పంట నూర్చేటప్పుడు ప్రతి కల్లం దగ్గరా ఆయనకు ఇన్ని గింజలు పెట్టేవారు. ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఇప్పటికీ ఆ ఊరివాళ్ళు వనపర్తి బస్టాండులో కనబడితే, "మీ నాయిన అసొంటి మనిషి మల్ల పుట్టడమ్మా" అంటారు. ఊఁ అని నా బస్సెక్కి పోతాను. పుట్టకపోతేనే మంచిదని వాళ్ళ మొహం మీద అనలేను. ఇక్కడ రాస్తున్నాను.

ఆయన చెడ్డవాడని కాదు. కల్లు ముట్టలేదు. అమ్మ మీద చెయ్యెత్తలేదు. నేనొక్కదాన్నే బిడ్డను. బీచుపల్లి ఆంజనేయుడి దగ్గరికి పోతే, కృష్ణలో నేను కొట్టుకుపోతానని నా జుట్టు పట్టుకుని మరీ ముంచేవాడు. ఊళ్ళో ఎవరికి పురుడొచ్చినా బండి కట్టేది ఆయనే, ఎవరు పోయినా కట్టెలు మోసేది ఆయనే. పెళ్ళిళ్ళలో అందరూ తిన్నాక అడుగున మిగిలిన పప్పు తిని వచ్చేవాడు. మాకు కూడా అదే అలవాటు చేశాడు.

నీరటి మడికి ఒక కట్టుబాటు ఉండేది. ఊరి మడులన్నీ తడిశాకే దానికి నీళ్ళు పారాలి. మా మడి చూస్తే కాలువకు ఆనుకునే ఉంది. నీళ్ళు మా గట్టును రాసుకుంటూ పోయి కిందివాళ్ళ మడుల్లో పడేవి. మంచి కాలమైన ఏడు ఇది ఎవరికీ పట్టలేదు. వానలు మొహం చాటేసిన ఏడు పట్టింది. చెరువులో నీళ్ళు అడుగంటాయి. మా వరి అప్పుడే పొట్ట మీదుంది. ఒక్క తడి పడితే కంకి నిలబడుతుంది, లేకపోతే తాలుగింజే. పంట మీద ఆశతోనే ఆ ఏడు నన్ను బడికి పంపుతున్నారు.

అమ్మ రోజూ గట్టు మీద కూర్చుని పారే నీళ్ళను చూసేది. ఒకరోజు పొద్దున చూసి చూసి లేచి, పారతో గట్టు తెగగొట్టింది. నీళ్ళు మా మడిలోకి గుడగుడమని దిగాయి. కింది మడి ఆయన చూసి కేక వేశాడు.

"ఏమొదినే, నీరటోళ్ళింటికి ముందుగాల పారుతదా? గట్లయితే ఊరంత మీరే దున్నుకోండ్రి!"

"మూసుకో తియ్ మరిదీ. నీ మడి కడుపునిండ తాగి పండుకున్నది. నాది గొంతెండి సస్తున్నది."

కేకలకు నాయిన తూము దగ్గర్నుంచి వచ్చాడు. అప్పటికి గట్టు మీద నలుగురు చేరారు. ఆయన భుజం మీది పార దించాడు. "జరుగు" అన్నాడు అమ్మతో.

అమ్మ పోయి గండిలో నిలబడింది. "జరుగ. నీ బిడ్డ ఏం తినాలె? ఊరోళ్ళ మడిల పండింది తింటదా?"

"మన వంతు రాలె."

"ఎప్పుడొస్తది? చెర్వుల బురద మిగిలినంకనా?"

"గది నీరటి మడి. ఆఖరుకే పారాలె. మా నాయిన కాలం నుంచి గట్లనే ఉన్నది."

అమ్మ కదల్లేదు. ఆయన వంగి, ఆమె కాళ్ళ చుట్టూనే మట్టిపెళ్ళలు వేసుకుంటూ పోయాడు. మోకాళ్ళ దాకా మట్టి వచ్చాక అమ్మ కాళ్ళు పీక్కుని బయటికొచ్చింది. ఆయన ఆ గుంతలు కూడా పూడ్చి, పారతో చరిచి, కింది మడి ఆయన వైపు చూసి తలూపాడు. గట్టు మీదివాళ్ళు "గిదీ నీరటంటే" అన్నారు. ఆ మాట ఊరంతా పాకింది. మా వంతు మాత్రం రాలేదు. కిందివాళ్ళ మడులు తడిసేసరికి తూములోంచి బురద కూడా రావడం మానేసింది.

మా వరి నిలువునా తెల్లబడింది. కోసి పశువులకు వేశాం. ఎండాకాలం ముందే కూలీలను పోగుచేసే గుంపు మేస్త్రి వచ్చాడు, కర్ణాటకలో కట్ట మట్టిపనికి మనుషులు కావాలని. అమ్మ, నేను పోయాం. నాయిన రాలేదు.

"చెర్వు ఇడిసిపెట్టి యాడికొస్తనే?" అన్నాడు.

"చెర్వునే పెండ్లి చేస్కోకపోతివి," అంది అమ్మ. "నన్నెందుకు తెచ్చుకుంటివి?"

నీళ్ళు లేని చెరువుకు కాపలా ఉన్నాడు. కాలువలో తుమ్మచెట్లు కొట్టాడట, పూడిక తీశాడట, ఒక్కడే. మా ఊరివాళ్ళు నేటికీ చెప్పుకుంటారు. ఆ ఎండల్లో మేం తట్టలు మోసిన సంగతి ఎవరికీ గుర్తులేదు. వాన పడ్డాక తిరిగొచ్చాం. మరుసటి ఏడు మళ్ళీ పోయాం. పోవడం ఒకసారి అలవాటైతే ఆగదు. బడి అక్కడితో సరి, నేర్చిన నాలుగక్షరాలూ మరిచిపోయాను. అమ్మకు ఆ మట్టిలోనే దగ్గు పట్టింది. నా పెళ్ళయిన కొన్నేళ్ళకు దానితోనే పోయింది.

నన్ను గద్వాల దగ్గరి ఊరికి ఇచ్చారు. నా పిల్లలు పెద్దయ్యాక, ఆడోళ్ళ సంఘంలో వేలిముద్ర వేయడానికి రోషమొచ్చి అక్షరాలు నేర్చుకున్నాను. ఆ సంగతి మురిపెంగా నాయినకు చెబితే, "మంచిగైంది బిడ్డా. మనూర్ల సదువురాని ఆడోళ్ళున్నరు. వచ్చినప్పుడల్ల జర ఆళ్ళకు గూడ నేర్పరాదు?" అన్నాడు. నాకు చిన్నప్పుడు ఎందుకు రాలేదో అడగలేదు.

తర్వాత ప్రాజెక్టు కాలువ నీళ్ళొచ్చాయి, మోటార్లొచ్చాయి. నీరటితో పని లేకుండా పోయింది. అయినా కర్ర పట్టుకుని కట్ట మీదికి పోతూనే ఉన్నాడు. ఆఖరుకు ఊపిరి ఆడక నాగర్‌కర్నూల్ దవాఖానలో చేర్చాం. నేనే దగ్గరున్నాను. ఒక మధ్యాహ్నం, మెలకువగా ఉన్నప్పుడు అడిగాను.

"నాయినా, ఆ ఏడు ఒక్క తడి మనకు పారిస్తే ఏమైతుండె?"

ఏ ఏడని అడగలేదు. 

"ఊరోళ్ళకు జవాబు చెప్పాలె బిడ్డా. మీరు ఇంటోళ్ళు. ఓర్సుకుంటరనుకున్న."

"అమ్మ ఓర్సుకోలే నాయినా. సచ్చిపోయింది."

ఆయన నోరు తెరిచేలోపే ఊరివాళ్ళు ఆటోలో దిగారు, చూసిపోదామని. నేను స్టూలు మీంచి లేచి వాళ్ళకు చోటిచ్చాను. నాయిన లేచి కూర్చున్నాడు. "ఎవరిదన్న మడి ఎండుతున్నదా?" అని అడిగాడు.

"ఇప్పుడెవరిదెండుతది తాతా, చెర్వు నిండి అలుగు పారుతున్నది" అన్నారు వాళ్ళు. ఆయన మొహం వెలిగిపోయింది. వాళ్ళు పోయేదాకా నవ్వుతూ మాట్లాడాడు. పోయాక గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను మళ్ళీ అడగలేదు. ఆ చెప్పిన జవాబు తప్ప ఇంకొకటి ఆయన దగ్గర లేదని తెలిసిపోయింది. దుప్పటి కాళ్ళ మీదికి లాగి, ఆయన తాగే నీళ్ళు పట్టుకురావడానికి కిందికి దిగిపోయాను.