పసుప్పచ్చ పొట్లం మీద పడ్డ నేరం

చుంగ్ లీయున్ రాసిన ప్రోగ్రాం పడిపోదని ఆ ఆఫీసులో పేరు. షిన్చూ ఊళ్ళో సైన్సు పార్కు చివర ఒక పాత భవనంలో చేపల గిడ్డంగులకు చలి తగ్గకుండా కాపలా కాసే పెట్టెలు తయారుచేస్తారు. వాటి లోపల నడిచే, సి భాషలో రాసిన ప్రోగ్రాంలో సగానికి పైగా లీయున్ రాసిందే. మేనేజరు గూ ఎక్కడికి వెళ్ళినా ఆమె పేరు చెప్పుకుని పెట్టెలు అమ్ముకొస్తాడు. నలభై దాటిన మనిషి, నెమ్మదస్తురాలు. ఎవరు ఏ సందేహంతో వచ్చినా కుర్చీ పక్కకు జరిపి చోటిస్తుంది. అలాంటి మనిషి ఈ ఏడాది వసంతంలో ఒక అబద్ధం ఆడింది. చిన్నదే, ఊపిరి తీసుకున్నంతసేపు కూడా పట్టలేదు.

దాని వెనక పాత సంగతి ఒకటుంది. ఆరేళ్ళ కిందట, ఆఫీసువాళ్ళ ఏడాది చివరి విందు రోజున, కావోషుంగ్ రేవుకు పెట్టెలు లారీ ఎక్కాలి. ప్రోగ్రాం చూస్తే ఉన్నట్టుండి కుప్పకూలుతోంది. అందులో ఒక థ్రెడ్డు, అంటే విడిగా తన పని తాను చేసుకుపోయే ఒక పాయ, గిడ్డంగి కొలతలు చదివి మెమరీలో పెడుతుంది. ఇంకో థ్రెడ్డు వాటిని ఆఫీసు తెరకు పంపి, ఆ మెమరీని ఖాళీ చేస్తుంది. రెండూ ఒకే సమయంలో నడుస్తుంటాయి. మొదటిది ఇంకా రాస్తూండగానే రెండోది ఖాళీ చేసేస్తోంది. రాత్రి బజారులో మనం సగం నూడుల్స్ తింటూండగానే బల్ల తుడిచేవాడు గిన్నె పట్టుకుపోతే ఎలా ఉంటుంది, అలాగన్నమాట.

ఎక్కడ పడుతోందో చూద్దామని లీయున్ మధ్యలో, పని ఎక్కడిదాకా వచ్చిందో తెర మీద చూపే ప్రింట్ లైను ఒకటి పెట్టింది. పెట్టగానే పడడం ఆగిపోయింది. తీసేస్తే మళ్ళీ మొదలు. ఆమెకు అర్థం కాకపోలేదు. ఆ ప్రింటుకు పట్టే కాస్త ఆలస్యంలో మొదటి థ్రెడ్డు తన పని ముగించుకుంటోంది, అంతే. రోగం రోగంలాగే ఉంది. కింద లారీవాడు హారన్ మీద చెయ్యి తీయడం లేదు, విందుకు వెళ్ళే బస్సు కూడా వచ్చేసింది. లైను అలాగే ఉంచి పంపేసింది. సెలవులయ్యాక తీరిగ్గా సరిచేద్దామనుకుంది. పైగా ఆ విందులో లక్కీ డ్రా తీస్తే ఆమెకు ఆవిరి కుక్కరు వచ్చింది.

సెలవులయ్యాక ఇంకో పని వచ్చిపడింది. తర్వాత మరొకటి. ఆ లైను పక్కన ‘తీయకండి’ అని ఒక ముక్క రాసి ఉండొచ్చు. రాస్తే ఎందుకని అడుగుతారు. అందుకే రాయలేదు.

పడడం ఆగిన ఘనత ఆకుపచ్చ పొట్లానికి దక్కింది. ఆ రోజు మేనేజరు గూ పరీక్ష యంత్రం మీద ఒక క్వాయ్ క్వాయ్ పొట్లం పెట్టాడు. మొక్కజొన్న చిరుతిండి, ‘బుద్ధిగా ఉండు’ అని దాని పేరుకు అర్థం. అది పెడితే యంత్రం మొరాయించదని అక్కడివాళ్ళ నమ్మకం. పచ్చదీపంలా ఆకుపచ్చదే పెట్టాలి, గడువు దాటకూడదు, ఎవరూ తినకూడదు. అందరూ పొట్లం మహిమ అని నవ్వారు. లీయున్ కూడా వాళ్ళతోపాటు నవ్వింది.

ఈ ఏడాది కొత్తగా పెంగ్ చీషెంగ్ చేరాడు. కీలుంగ్ రేవులో ఓడల రేడియోలు బాగుచేసుకుంటూ, ముప్పై దాటాక కష్టపడి చదివి ఈ పనిలోకి వచ్చినవాడు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, వసంతం అయ్యేలోగా ఉంచాలో పంపాలో గూ తేల్చాలి. సీనియర్ ఆడవాళ్ళను అక్కా అనడం అక్కడ మామూలే. కానీ చీషెంగ్ అంటే మాత్రం సొంత తమ్ముడు పిలిచినట్టే ఉండేది. ఆమె చెప్పింది వేదంలా వినేవాడు.

పాత కోడులో చెత్త ఊడ్చమని గూ అతనికి పని అప్పగించాడు. అందరూ మరిచిపోయిన ప్రింట్ లైన్లన్నీ ఏరి తీసేశాడు, వాటితోపాటు లీయున్ పెట్టిన ఆ లైనూ పోయింది. అదే వారంలో యంత్రం మీది పొట్లానికి గడువు దాటిందని కూడా గమనించాడు పాపం. వీధి చివరి కొట్టులో ఆకుపచ్చది అయిపోయింది. ఏదీ లేకపోవడం కంటే నయమని పసుప్పచ్చది తెచ్చి పెట్టాడు. ఆ వారం ప్రోగ్రాం పడడం మొదలెట్టింది.

“ఏమయ్యా, ఆకుపచ్చది దొరక్కపోతే ఇంకో కొట్టుకు పోవాలి గానీ పసుప్పచ్చది పెడతారా?” అన్నాడు గూ. “చూడు, దానికి ఎంత కోపమొచ్చిందో.”

అందరూ పడీ పడీ నవ్వారు. చీషెంగ్ మధ్యాహ్నం తిండి మానేసి స్కూటర్ మీద ఊరంతా తిరిగి ఆకుపచ్చది తెచ్చి పెట్టాడు. ప్రోగ్రాం మళ్ళీ పడింది. ఊడ్చిన ప్రోగ్రామునే అప్పటికి గిడ్డంగులకూ పంపేయడంతో కావోషుంగ్ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. తెర నల్లబడినప్పుడల్లా కాపలావాడు కోటు తొడుక్కుని గిడ్డంగిలోకి పోయి చలి చూసి రావాల్సి వస్తోందట. అప్పటినుంచి గూ వేళాకోళం మానేశాడు. నువ్వు ముట్టుకున్నాకే ఇది మొదలైందని నలుగురిలో అనడం మొదలుపెట్టాడు. అతన్ని ఉంచేదీ పంపేదీ శుక్రవారం తేల్చేస్తాననీ అన్నాడు.

లీయున్‌కు మొదటిసారి పడినప్పుడే తెలిసిపోయింది. ఏ రోజుకారోజు సాయంత్రానికల్లా చెబుదామనుకుంది. కావోషుంగ్ ఫోన్లు మొదలైన రోజు సాయంత్రం గూ ఫోనులో ఎవరితోనో, ‘మా లీయున్ రాసిన భాగంలో ఏ లోపమూ ఉండదు, కొత్తవాడేదో కెలికాడు’ అంటున్నాడు. ఆ మాట విని కూడా వెళ్ళి కాదని చెప్పలేకపోయింది. సంచి భుజాన వేసుకుని ఇంటికి పోయింది. ఆ విందులో వచ్చిన కుక్కరులో అన్నం ఉడుకుతుంటే దానివైపు చూడలేక అవతల గదిలో కూర్చుంది.

మర్నాడు చీషెంగే ఆమె దగ్గరికి వచ్చాడు. ప్రోగ్రామును చెకర్ కింద నడిపాడట. రెండు థ్రెడ్లు ఒకే మెమరీ మీద ఎక్కడ కొట్టుకుంటున్నాయో చెప్పే సాధనం అది, గంటల తరబడి ఈడుస్తుంది. లీయున్ అలవాటు కొద్దీ కుర్చీ పక్కకు జరిపింది.

“అక్కా, ఇది మీ ఫైలు చూపిస్తోంది. ఖాళీ చేసిన మెమరీలో రాస్తున్నారంటోంది. నాకు చదవడం సరిగ్గా వచ్చో లేదో, ఒకసారి చూస్తారా?”

చూసింది. సరిగ్గా అదే చోటు. ఇక వేలు పెట్టి అవునంటే చాలు.

“ఆ చెకర్ పాత కోడు మీద ఊరికే అరుస్తుంది, దాన్ని నమ్మకు” అంది. “నువ్వు మార్చినవే ఇంకోసారి చూసుకో.”

“అంతేనా? నేనే తప్పు చదివినట్టున్నా. థాంక్స్ అక్కా.”

థాంక్స్ చెప్పి మరీ వెళ్ళాడు. ఆ రోజునుంచి చెకర్ జోలికి పోలేదు. తను రాసిన నాలుగు లైన్లనే తిప్పి తిప్పి చూసుకున్నాడు. అందులో తప్పు ఉంటే కదా దొరకడానికి. మనిషి చిక్కిపోయాడు. ఎవరు నవ్వినా తనను చూసే అనుకుని తల దించుకునేవాడు. లీయున్ సిగ్గుతో చచ్చిపోతోంది. ఎవరూ చూడకుండా లైను తిరిగి పెట్టేద్దామా అని కూడా అనుకుంది. అలా చేస్తే చీషెంగ్ మార్పే తప్పని అందరూ ఖాయం చేసేస్తారు. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

పున్నమి మర్నాడు ఆఫీసు వాళ్ళంతా కిందకు దిగి నేలదేవుడికి అగరొత్తులు వెలిగిస్తారు. భవనం ముందు బల్ల వేసి నారింజలు, బిస్కెట్లు, కూల్‌డ్రింకులు పేర్చారు. దేవుడు పొరపాటున పక్కింటివాడికి వరం ఇవ్వకుండా, మొక్కేవాళ్ళు ముందు తమ పేరూ ఇంటి చిరునామా చెప్పుకోవాలి. లీయున్‌కు ముందు నిలబడ్డది చీషెంగ్. గొంతు తగ్గించే అన్నాడు గానీ ఆమెకు ప్రతి మాటా వినబడింది.

“నా పేరు పెంగ్ చీషెంగ్. పట్టాల పక్క సందులో, స్కూటర్ల షెడ్డు పైన ఉంటా. ఏదో తప్పు చేశాను స్వామీ, ఏం చేశానో తెలియట్లేదు. చూపిస్తే దిద్దుకుంటా.”

తర్వాత ఆమె వంతు. నా పేరు చుంగ్ లీయున్ అంది. చిరునామా కూడా చెప్పింది. అడగడానికేమీ లేదు. చెప్పాల్సింది ఉంది, అదీ దేవుడికి కాదు. వెనక ఉన్నవాళ్ళు విసుక్కుంటుంటే అగరొత్తులు గుచ్చేసి, పక్కన ఇనుప డబ్బాలో, దేవుడికి కానుకగా బంగారు రంగు కాగితాలు కాలుస్తున్న గూ దగ్గరికి నడిచింది.

“గూ గారూ, పడుతున్నది నేను రాసిన కోడు. ఆరేళ్ళుగా నాకు తెలుసు. ఒక ప్రింట్ లైను అడ్డం పెట్టి కప్పిపుచ్చాను. చీషెంగ్ తీసింది ఆ లైనే. మొన్న తను చెకర్‌తో పట్టుకుని నా దగ్గరికి తెస్తే, అబద్ధమని చెప్పి పంపేశాను.”

గూ చేతిలో కాగితాలు చేతిలోనే ఉండిపోయాయి.

“తెలిసే నోరు మూసుకున్నావా? శుక్రవారం ఆ మనిషిని పంపించేసేవాణ్ణి, ఆ సంగతి తెలుసా?”

“తెలుసు.”

గూ చేతిలోని కాగితాలన్నీ ఒక్కసారే మంటలో పడేశాడు. ఆరేళ్ళుగా ఆ పొట్లానికి ఊరికే మర్యాదలు చేశామన్నమాట అన్నాడు, ఎవరూ నవ్వలేదు. చీషెంగ్ అన్నీ వింటూ అక్కడే నిలబడి ఉన్నాడు.

“అయితే ఆ రోజు నేను చదివింది కరెక్టేనా అక్కా?”

“కరెక్టే.”

“ఈ పని నా వల్ల కాదనుకున్నా. మళ్ళీ ఓడల దగ్గరికి పోదామని మావాళ్ళకు చెప్పేశాను కూడా.”

కోపంగా అనలేదు. తిట్టి ఉంటే ఆమెకు కొంత తేలిగ్గా ఉండేది.

మరమ్మతు అరపూట పని. మొదటి థ్రెడ్డు వదిలిందని తేలాకే రెండోది మెమరీ ఖాళీ చేసేటట్టు లీయున్ తాళం పెట్టింది. కావోషుంగ్ నుంచి ఫోన్లు ఆగిపోయాయి. గూ ఆ శుక్రవారం చీషెంగ్‌ను ఖాయం చేశాడు. లీయున్‌ను ఏమీ అనలేదు గానీ ఫోనులో ఆమె పేరు చెప్పడం మానేశాడు. యంత్రం మీద ఆకుపచ్చ పొట్లం మాత్రం ఉంది, తీసే ధైర్యం ఎవరికీ లేదు.

చీషెంగ్ ఇప్పుడు పనిలో దిట్ట. ఆమెను మేడమ్ అంటాడు. ఇది బాగానే ఉంది, పంపేయొచ్చు అని ఆమె అంటే మర్యాదగా సరేనండీ అంటాడు. అని, చెకర్ నడుపుతాడు. అది దాని తీరున ఈడుస్తూనే ఉంటుంది. లీయున్ కుర్చీ పక్కకు జరిపి, అది ముగిసేదాకా అతని పక్కనే కూర్చుంటుంది.