గేటు దాటని హెల్వీ

మా కాగితం మిల్లులో హెల్వీ రాంటాని ఇంటికి పంపించాలని మేనేజరు వారెన్ ఒకరోజు పొద్దుటి నుంచి నానా తంటాలు పడ్డాడు. ఆవిడ సంగతి తెలియక కాదు. ఇద్దరూ అమెరికాలో సుపీరియర్ సరస్సు ఒడ్డున ఒకే వీధిలో పెరిగినవాళ్ళు.

హెల్వీ నాన్న ఫిన్లాండ్ నుంచి వచ్చి ఇక్కడి అడవుల్లో చెట్లు కొట్టాడు. ఆ ఇంట్లో మొండితనాన్ని కాఫీతో కలిపి పోసేవారేమో. మీటర్లూ వాల్వులూ చూసే మా షాపులో చేరిన మొదటి ఆడమనిషి ఆవిడే. చేరిన వారానికే ఎవడో ఆవిడ పనిముట్ల పెట్టెలో చేపని పడేశాడు. ఆవిడ దాన్ని కడిగి, భోజనాల గదిలో వెన్నలో వేయించి, అందరి ముందూ కూర్చుని తింది. ఒక్కడికీ ముక్క పెట్టలేదు. ఆ తర్వాత ఆ పెట్టె జోలికి ఎవడూ పోలేదు. నేను ఎలక్ట్రీషియన్‌గా చేరేసరికి అందరూ ఆ చేప కథ చెప్పే నన్ను భయపెట్టారు.

ఆ వేసవిలో మిల్లు ఆపి, పాత తీగలన్నీ పీకేసి ఫీల్డ్‌బస్ వేశాం. ఇదివరకు వాల్వుకో తీగ ఉండేది. ఇప్పుడు ఒకే తీగ మీద వాల్వులన్నీ వంతులవారీగా కంట్రోల్ రూముతో మాట్లాడతాయి. ఆ తీగకి రెండు కొసల్లోనూ టెర్మినేటర్ అనే చిన్న మూత ఒక్కొక్కటి బిగించాలి. తక్కువైనా ఎక్కువైనా మాటలు తడబడతాయి.

అంతా అయిపోయింది, మిల్లు మొదలుపెట్టాలి. అప్పుడు పట్టుకుంది హెల్వీ. చివర ఉన్న ఆవిరి వాల్వు ఉండుండి లైన్లోంచి జారిపోతోంది. జారినంతసేపూ, వాల్వు తెరుచుకున్నా సరే, కంట్రోల్ రూము తెర మీద పాత మాటే కనిపిస్తుంది, మూసే ఉందని. ఆ తెరని నమ్ముకుని వాల్వు కింద నిలబడి కాగితపు గుజ్జు నమూనా తీసేవాడు డెల్బర్ట్.

"రెప్పపాటు పోయి వస్తోంది, అంతేగా," అన్నాడు వారెన్. "తాళం తియ్యి హెల్వీ, ఆవిరి వదులుదాం."

"ఆ రెప్పపాటులో డెల్బర్ట్ మొహం అక్కడే ఉంటుంది. తియ్యను."

మా దగ్గర పద్ధతేమిటంటే, పని చేసేటప్పుడు ఎవరూ ఆవిరి వదలకుండా ఎవరి తాళం వాళ్ళు వేసుకుంటాం, ఎవరిది వాళ్ళే తీస్తాం. ఆ మనిషి గేటు దాటి వెళ్ళిపోతేనే మేనేజరు దాన్ని కోయించొచ్చు. ఆవిరి గొట్టం మీద హెల్వీ ఎర్ర తాళం వేలాడుతోంది. తాళంచెవి ఆవిడ మెడలో ఉంది.

ఇక వారెన్ గొంతులోంచి తేనె కారడం మొదలైంది. "అలిసిపోయావు, ఇంటికెళ్ళి పడుకో." "మీ చెల్లెలు ఫోన్ చేసిందట, వెళ్ళి చూసిరా." "పోనీ బయట మంచి భోజనం పెట్టిస్తాను, పద."

హెల్వీ కుర్చీ లాక్కుని తాళం పక్కనే కూర్చుంది. ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుంది. "నాకు భోజనమా? పాతికేళ్ళుగా టీ కూడా పోయించనివాడివి! ఆ గేటు అవతల ఏముందో నాకు తెలుసులే."

డెల్బర్ట్ ఊళ్ళోని బేకరీ నుంచి గులాబీరంగు పూత పూసిన బన్నులు తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. "తిను. నా మొహం అంత అందమైంది కాదు గానీ, ఉన్నది ఇదొక్కటే."

నేను తీగ పొడుగునా ఉన్న జంక్షన్ పెట్టెలు ఒక్కొక్కటీ విప్పుకుంటూ పోయాను. చివర్లో ఆ తీగని కొత్త పంపు దగ్గరికి పొడిగించాం, ఆ అతుకు దగ్గరి పెట్టె తెరిచాను. పాత కొసకి పెట్టిన మూత అలాగే ఉంది. కొత్త కొసకి ఒకటి పెట్టాక దీన్ని తీసెయ్యాలి. తియ్యలేదు. ఆ పెట్టె బిగించింది హెల్వీయే. మూత పీకి జేబులో వేసుకుని ఆవిడ దగ్గరికి పరుగెత్తాను.

"హెల్వీ, మూడో మూత. ఇక వాల్వు జారదు," అని చెవిలో చెప్పాను. "పెట్టె నువ్వు మూసిందే. తీగ లాగిన కాంట్రాక్టు వాళ్ళ మీదికి తోసేద్దాం, నేను నోరు విప్పను."

ఆవిడ నన్ను చూసిన చూపుకి నేల చీలి కూరుకుపోతే బాగుండుననిపించింది. చెయ్యి చాపింది. మూత ఇచ్చాను. రేడియో తీసి మిల్లంతా వినేలా చెప్పింది: "లోపం దొరికింది. తప్పు నాదే, హెల్వీది. మూత తియ్యడం మరిచాను."

వారెన్ ఊగిపోతూ వచ్చాడు. "నీ తప్పుకోసం మమ్మల్నందర్నీ ఇంతసేపు కూర్చోబెట్టావా? సిగ్గులేదూ?"

"ఉంది. మూత మరిచినందుకు ఉంది. తాళం వేసినందుకు లేదు." ఆవిడ లేచి నిలబడింది. "తప్పు నాదైతే ఆవిరి డెల్బర్ట్‌ని కాల్చకుండా వదిలేసేదా వారెన్?"

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. కొట్టేశాను కూడా.

"వారంపాటు పనిలోకి రావద్దు," అన్నాడు వారెన్.

"సరే, ఇంట్లో సానా వెలిగించుకుని ఆవిరి స్నానం చేస్తా." వెళ్ళి కంట్రోల్ రూములో తెర ముందు నిలబడింది. వాల్వు ఒక్కసారి కూడా జారకపోయేసరికి వచ్చి, మెడలోంచి తాళంచెవి తీసి, తన తాళం తనే విప్పి జేబులో వేసుకుంది.

"ఇప్పుడు పోతా ఇంటికి," అంది. "దారి చూపించక్కర్లేదు."