ఇంటిపేరు ‘భయపడకు’

ల్యూట్‌యోహాన్‌కి మనిషి కనిపించడు, ఇంటిపేరే కనిపిస్తుంది. ఎదుటివాడి చెయ్యి విరిగి వేలాడుతున్నా సరే, ముందు వాడి ఇంటిపేరు అడిగి, అది ఎక్కడ పుట్టిందో, ఇప్పుడెన్ని కొంపల్లో మిగిలిందో చెప్పిగాని అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యడు. నలభై ఏళ్ళు ఉత్తరాలు పంచినవాడు మరి. తన ఇంటిపేరుకి అర్థం ‘బుల్లి యోహాన్’ అట. మనిషి మాత్రం ప్రతి గుమ్మానికీ తల కొట్టుకునేంత పొడుగు.

ఓల్డెన్‌బుర్గ్ దగ్గరి వృద్ధాశ్రమంలో అతన్ని భరించడం నర్సు స్వాంట్యే ఉద్యోగంలో భాగం. పొద్దున్నే పేపర్లో చావు ప్రకటనలు తీసి కాఫీ బల్ల దగ్గర గట్టిగా చదివేవాడు. "మ్యుల్లర్ ఇంటిపేరువాళ్ళలో ఒకడు తగ్గాడు. ఫర్వాలేదు, తవ్వేకొద్దీ వస్తారు." తింటున్నవాళ్ళకి రొట్టె గొంతులో అడ్డం పడేది.

కొత్త డాక్టరు అతని గుండె మీద చెయ్యి వేస్తే, "ఇంటిపేరు?" అన్నాడు.

"కాల్ట్‌ష్మిట్."

"అంటే నిప్పు లేకుండా చల్లటి రాగి కొట్టే కంచరి. చేతులే చెబుతున్నాయి. తియ్యండి!"

మార్చిలో చివరి గదిలోకి ఒక ముసలమ్మ వచ్చింది. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. డాక్టరు ఇచ్చిన గడువు నెల. ఇంటిపేరు ఫ్యూర్ష్టెనిష్ట్. ల్యూట్‌యోహాన్ పండగ చేసుకున్నాడు.

"‘భయపడకు’ అని అర్థమమ్మా! మీ మూలపురుషుడు ఏ కిరాయి సిపాయో అయ్యుంటాడు."

"నాకు మాత్రం చచ్చేంత భయంగా ఉందండీ," అందావిడ. "చావంటే కాదు. మా పేరువాళ్ళు ఒక్కరైనా పక్కన లేకుండా పోతానేమోనని. అసలెవరైనా మిగిలారా?"

"తొమ్మిది ఇళ్ళు," డైరెక్టరీ చూడకుండానే చెప్పాడు.

"ఒక్కళ్ళని చూడగలనా?"

ఆ రోజు నుంచి అతను నడవలో ఫోను వదల్లేదు. స్వాంట్యేకి అతని కేకలే వినిపించేవి. "ఏమయ్యా, ఆ పేరే తగిలించుకు తిరుగుతావు, వచ్చి చూడ్డానికి తీరిక లేదూ?... ఏమిటీ, కుక్కకి టీకానా? దాని ఇంటిపేరు కూడా అదేనా?"

మూడు వారాలు. ఒక్కరూ రాలేదు. తలుపు చప్పుడైనప్పుడల్లా ముసలమ్మ తల తిప్పేది. తర్వాత ఆ ఓపికా పోయి, కళ్ళు మాత్రం తిప్పేది.

నాలుగో వారం, గురువారం సరిగ్గా మూడింటికి, ఆశ్రమం గుమ్మంలో పద్నాలుగు మంది నల్లబట్టలవాళ్ళు. చేతుల్లో పూలచక్రాలు, చావింట్లో పెట్టే వెన్న కేకు పళ్ళెం. ఒకళ్ళనొకళ్ళు ఎరగరు, ఇంటిపేరు మాత్రం అందరికీ ఒకటే.

"శవం ఎక్కడుందమ్మా?" పెద్దాయన టోపీ తీసి అడిగాడు.

స్వాంట్యే ల్యూట్‌యోహాన్‌ని వెతికి పట్టుకుంది. "ఆవిడ బతికే ఉంది! చావు కబురు పంపుతారా? బుద్ధుందా మీకు?"

"బతికున్నావిడ కోసం మూడు వారాలు బతిమాలాను, ఒక్కడికీ తీరిక లేదు. పోయిందన్నాను. చూశారుగా, ఒక్క నిమిషం ఆలస్యం లేకుండా దిగారు. ఇప్పుడు తిట్టండి."

ఆమె తిట్టలేదు. వెళ్ళి గది తలుపు తీసింది.

పద్నాలుగు మందీ సిగ్గుతో తల వంచుకుని మంచం చుట్టూ నిలబడ్డారు. ముసలమ్మ తన పోలిక ఉందేమోనని ఒక్కొక్కరి ముక్కూ పరీక్షగా చూసింది. తర్వాత బట్టలు చూసింది.

"ఎవరు పోయారు నాయనా?"

పెద్దాయన పూలచక్రం వీపు వెనక దాచుకుంటూ, "ఇంకా ఎవరూ పోలేదత్తా," అన్నాడు. "తొందరపడి వచ్చేశాం."

"అయితే కూర్చోండి," అందావిడ. "ఆ కేకు కొయ్యండి. అంచు ముక్క నాకు."