గోడమీద మెంతినూనె సీసా

జగ్గయ్యపేటలో మా పక్కింటి మామ్మ పోయిన వారం చనిపోయింది. నందిగామ బస్టాండు దగ్గర ఆటోలో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. "పొద్దున కూడా నీ గురించే అడిగిందిరా. సీసాకి ఎండ తప్పించొద్దంది."

ఆ సీసా సంగతి మీకు చెప్పాలి.

మిరప కోతలకెళ్లొచ్చేసరికి అమ్మ మోకాళ్లు పట్టేసేవి. మామ్మ తన మెంతినూనె తెచ్చి రుద్దేది. చేదూ తీపీ కలిసిన ఆ వాసన మర్నాటికి కూడా దుప్పటిని వదిలేది కాదు. అదే నూనె తన తలకీ రాసుకునేది. అందులో ఏముందా అని నాకు ఒకటే కుతూహలం. తొమ్మిదిలో బడి మానేసి, ఏ పనిలోనూ నెల నిలవని నేను, ఓ రోజు కిలో మెంతులు కొని నందిగామలో గానుగకి పట్టుకెళ్లాను.

"వీటిని ఆవకాయలో పోస్తారు గానీ గానుగలో పోస్తారా బాబూ?" అని గానుగాయన నవ్వాడు. బతిమాలితే కాసిని ఆడించి చూశాడు. పిండి వచ్చింది, నూనె చుక్క రాలేదు.

ఈ మాట చెబితే మామ్మకి నవ్వీ నవ్వీ కళ్లనీళ్లొచ్చాయి. "మెంతి గింజలో నూనె పిసరంతేరా. నువ్వులనూనెలో వేసి ఎండలో పెడితే, దాని సారం మెల్లగా దిగుద్ది. నీకు కష్టమేలే, ఓచోట కూర్చోవుగా!"

పంతానికి నేనే చేశాను. మెంతులు కడిగి, దంచి, నువ్వులనూనెలో వేసి పిట్టగోడ మీద పెట్టాను. వారానికే బూజు పట్టింది. మామ్మ మూత తీసి ఓసారి వాసన చూసింది. "తడి ఆరేదాకా ఆగలేదు కదూ?"

"అసలు దీంతో నొప్పి పోద్దా మామ్మా?" అన్నాను ఉక్రోషంగా.

"ఏమోరా. రుద్దుతున్నంతసేపూ మీ అమ్మ కబుర్లు చెప్పుద్ది. అదైతే నాకు తెలుసు."

ఈమధ్య చేతులు వణుకుతుంటే మామ్మ నన్నే పిలిచి, పక్కన కూర్చుని, ఆరిన మెంతులు దంచించి, నూనెలో వేయించి, సీసా పిట్టగోడ మీద పెట్టించింది. "ఇరవై రోజులు మూత ముట్టావో, చూడు! ఇకమీదట మీ అమ్మకి రుద్దాల్సింది నువ్వే." ఇంకా తొమ్మిది రోజులుండగానే వెళ్లిపోయింది.

ఆ తొమ్మిది రోజులూ ఎండ జరిగినచోటికల్లా సీసాని జరిపాను. మూత ముట్టలేదు.

ఇవాళ వడకట్టాను. తేనె రంగులో దిగింది. సాయంత్రం అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని రుద్దడం మొదలుపెట్టాను. ఆ వాసన గదంతా నిండాక, అమ్మ రెండో మోకాలు ముందుకి జరిపింది.

"మీ మామ్మ ఓసారి ఏం చేసిందో తెలుసా..." అంది.