కృపానందం సారు బావితాడు పట్టుకున్న పొద్దు

కృపానందం సారు మిషన్ బడిలో లెక్కలు చెప్పేవారు. ధోవతి మీద మెడదాకా బొత్తాలు పెట్టిన నల్లకోటు ఆయన వేషం. రోహిణి ఎండల్లో సైతం అందులో ఒక్క బొత్తం విప్పిన దాఖలా లేదు. కొత్తవాళ్లు ఆ కోటును చూసి "పంతులుగారూ" అనేవారు. నీది ఏ కులమని కోటును అడగడానికి ఎవరికీ నోరు రాదు. అడగనిది చెప్పడం మర్యాద కాదు గనుక సారు ఇరవై ఏళ్లుగా ఆ మర్యాదను అతి నిష్ఠగా పాటిస్తున్నారు.

1943 వేసవిలో, హైదరాబాదులో యూనివర్సిటీ చదువుల నుంచి సెలవులకు వచ్చిన పదకొండు మంది కుర్రాళ్లను ఆయన హనుమకొండలో బడి వరండాలోకి పోగేశారు. తెల్లారగానే గుండ్రంగా కూర్చోవాలి. పావుగంట మౌనం. తర్వాత, నిన్న తాము చేసినదాంట్లో మనసును కుట్టినదేదో ఒక్కొక్కరూ చెప్పాలి. ఆ పైన మందు పొట్లాలు తీసుకుని ఊళ్లమీద పడాలి. ఆ ఏడు గత్తర వచ్చింది. సర్కారు కాగితాల్లో దాని పేరు కలరా గానీ, చచ్చేవాళ్లు గత్తరతోనే చస్తున్నారు. తాగేనీళ్ల బావుల్లో ఎర్రమందు కలపడం కుర్రాళ్ల పని.

కూటమికి ఉన్న శాసనం ఒక్కటే: ఇక్కడ చెప్పిన మాట ఇక్కడినుంచి కదలరాదు. మొదటి వారంలోనే, ఆ కుర్రాళ్లలో ఒకడైన భాస్కర్ చెప్పుకున్న సిగరెట్ ముచ్చట వాళ్ల నాయన చెవిన పడటంతో ఆ శాసనం పుట్టింది. సారు దాన్ని నల్లబల్ల మీద తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో రాసి, మూడింటి కిందా మూడు దస్తకత్‌లు పెట్టారు. పిల్లలు నమ్మి నోళ్లు విప్పారు.

ఆ పొద్దు బి.ఎ. చదివే ఆనందరావు వంతు వచ్చింది. అతను తల ఎత్తలేదు.

"నిన్న హసన్‌పర్తి అవతలి పల్లెకు పోయింది నేనే గద సార్. బాయిల మందెయ్యలే."

"మరి పొట్లం?"

"బాయికాడికి పోతాంటె ఒకాయన 'ఎవలింటి పిలగానివి?' అన్నడు. మాలవాడ అని చెప్తె బాయి ముట్టనియ్యరు, చెప్పకుండ ముడితె సంపుతరు. తుప్పల పారేసిన. ఆడోళ్లకు మాత్రం మందేసిన అని చెప్పిన. ఇయ్యాల పొద్దుగాల్నుంచి తాగుండ్రి అన్న."

ఆ పల్లెలో అప్పటికే ఇద్దరు పోయారు. మిగతావాళ్లు ఈ కుర్రాడి మాట మీద నిన్నంతా బావివైపు చూడకుండా, దూరపు వాగు నీళ్లతో గొంతు తడుపుకున్నారు. ఇంకో గంటలో బిందెలతో బయల్దేరతారు.

"లెవ్వు. పోయి చెప్దాం పా," అన్నారు సారు.

"నాతోని కాదు సార్. బొక్కలిరగ్గొడ్తరు."

"పోనీ, నన్ను చెప్పుమంటవా?"

ఆనందరావు నల్లబల్ల వైపు చూశాడు. సారు కూడా చూశారు. మూడు భాషల్లోనూ ఆయన దస్తకత్ చక్కగా కుదిరింది. మందు పొట్లం జేబులో వేసుకుని సైకిలెక్కారు.

ఆయన చేరేసరికి బావి చుట్టూ ఇరవై బిందెలున్నాయి. మొగిలమ్మ అనే ముసలామె అందరికంటే ముందొచ్చి అప్పుడే ఒక బిందె నింపుకుంది. రెండో బొక్కెన సగం దాకా పైకొచ్చింది.

"అమ్మా, ఆగుండ్రి! ఆ నీళ్లు తాగొద్దు. మందు మళ్ల ఎయ్యాలె."

"నిన్న మీ పిలగాడు ఏసిండు గద, పంతులూ," అంది మొగిలమ్మ.

"మళ్ల ఎయ్యాలె."

"ఎందుకట?" అని ముందుకొచ్చాడు ఉప్పలయ్య. చేతిలో ముల్లుకర్ర ఉంది. "నిన్న ఆయన అబద్ధమాడిండా, ఇయ్యాల నువ్వాడుతానవా?"

మొదటిది చెబితే శాసనం పోతుంది, రెండోది చెబితే నిజం పోతుంది. లెక్కల పంతులుకు మూడో జవాబు తట్టలేదు.

"అది చెప్పరాదు," అన్నారు.

"చెప్పరాదట! పిల్లలు నాలుకలు ఎండి ఏడుస్తాండ్రు, ఈయనకు చెప్పరాదట. తోడుండ్రే!"

బొక్కెన పైకొచ్చింది. ఒక పిల్ల దోసిలి పట్టింది. అప్పుడు కృపానందం సారు గట్టెక్కి, తాడును రెండు చేతులా పట్టుకుని, బొక్కెనను మళ్లీ బావిలోకి వదిలేశారు. తాడు మాత్రం వదల్లేదు.

"నేను పంతుల్ను కాదు. మాలవాడల పుట్టినోణ్ని. మీ తాడు ముట్టిన, మీ బొక్కెన ముట్టిన. ఇగ తాగుతరా?"

నిమిషం కింద ఎంత బతిమాలినా ఆగని ఊరు ఠక్కున ఆగిపోయింది. వైద్యశాస్త్రం చేయలేని పనిని అంటు అరక్షణంలో చేసింది. ఇరవై బిందెలు ఇరవై చంకల్లోంచి దిగాయి.

ఆ వెంటనే ముల్లుకర్ర లేచింది. మొదటి దెబ్బ భుజం మీద, రెండోది మూతి మీద పడింది. కోటు మెడబొత్తం తెగి నూతిలోకి పోయింది.

"ఎందుకు ముట్టినవ్ చెప్పు! ఊరంత సావాల్నని ముట్టినవా?"

సారు మూతి నెత్తురు కోటు చేతికి తుడుచుకున్నారు. గట్టు మీదే కూర్చున్నారు. లేస్తే ఎవరో ఒకరు తోడుకుంటారేమోనని ఆయన భయం.

"కొట్టకుండ్రి! తప్పు నాది!"

భాస్కర్ సైకిల్ మీద వచ్చిన ఆనందరావు దిగుతూనే పడ్డాడు, లేచాడు. "మందు నేను ఎయ్యలే. తుప్పల పారేసి, మీకు ఏసిన్నని చెప్పిన. నాది గూడ మాలవాడే. అందుకే భయపడ్డ."

ఉప్పలయ్య కర్ర గాల్లోనే ఉంది. ముందు ఎవరిని కొట్టాలన్న ధర్మసందేహం అతనికి కలిగింది.

మొగిలమ్మ తన నిండు బిందె వైపు చూసుకుంది.

"బిడ్డా, ఈ నీళ్లు తాగితె గత్తరొస్తుండెనా?"

"రావచ్చు, అవ్వా."

ఆమె బిందెను అక్కడే కుమ్మరించింది. నీళ్లు ఉప్పలయ్య పాదాల మీదుగా పారాయి. అతను ఎగిరి పక్కకు దూకాడు.

ఇంతలో పటేలు వచ్చి, సంగతంతా విని, గొంతు సవరించుకున్నాడు. బావి మైలపడటం ఒకటి, మందు పడకపోవడం ఒకటి, కనుక రెంటికీ వేర్వేరుగా విచారణ జరగాలన్నాడు.

"విచారణ జేసేలోపల మనమే ఉండం, పటేలా," అంది మొగిలమ్మ. "పంతులూ, కిందికి దిగు. ఆ పొట్లం అక్కడ పెట్టి, ఎంత ఎయ్యాల్నో చెప్పు. నేనేస్త."

సారు పది అడుగుల దూరం జరిగి, వాచిన మూతితో కొలత చెప్పారు. ఆమె మందు కలిపి పోసింది. బావి దానిమ్మరంగుకు తిరిగింది.

"రేపు పొద్దుగాల దాంక ముట్టద్దు," అన్నారు సారు.

"నిన్న గూడ గిదే అన్నరు," అన్నాడు ఉప్పలయ్య. "మీరిద్దరు ఈడ్నే ఉండుండ్రి. రేపు ముందు మీరు తాగాలె, మేము సూడాలె."

న్యాయంగానే ఉందనిపించింది సారుకు. ఇద్దరూ ఆ పగలూ రాత్రీ చింతచెట్టు కింద గడిపారు.

మర్నాడు ఎండ పొడవగానే ఊరంతా పోగైంది. నీళ్లు తేటగా ఉన్నాయి. మొగిలమ్మ తోడి, చెంబు తలకంటే ఎత్తున పట్టుకుని, ధార సారు దోసిట్లోకి వదిలింది. చిట్లిన పెదవి భగ్గుమన్నా ఆయన గడగడా తాగారు. తర్వాత ఆనందరావు మోకాళ్ల మీద కూర్చుని దోసిలి పట్టాడు. అంత ఎత్తునుంచి పడి సగం నీళ్లు నేలపాలయ్యాయి. మొగిలమ్మ మళ్లీ పోసింది. ఈసారి చెంబు భుజం దాకా, తర్వాత అతని చేతుల దాకా దిగింది.

"అవ్వా, పైకి పట్టు, తాకుతది!" అన్నాడు ఉప్పలయ్య.

"చెయ్యి గుంజుతాంది," అంది ఆమె, పోయడం ఆపకుండా. "అంత గావాల్నంటె నువ్వొచ్చి పట్టుకో."