ఇత్తడి గుండీల వేడి

ఆ వీధిలో ఆమెను అందరూ ఇస్త్రీ అక్క అనే పిలిచేవారు. తనకూ ఒక పేరుందని ఆసుపత్రిలో నర్సు గట్టిగా పిలిచినప్పుడు గానీ ఆమెకే గుర్తు రాలేదు. చెల్లెలితో కలిసి లాండ్రీ కొట్టు నడిపేది. ఉతుకుడూ మరకలూ చెల్లెలివి, ఇస్త్రీ బల్ల అక్కది. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టేవారు కాదని చెప్పుకునేవారు గానీ, నిజానికి వేలు పెట్టనిచ్చేది కాదు ఈవిడ. చెల్లెలు సరదాపడి ఒక్క రుమాలు ఇస్త్రీ చేసినా, అది కనిపెట్టి మళ్ళీ తడిపి మొదటి నుంచీ చేసేది.

ఆమె మడత పెట్టే తీరే వేరు. చొక్కాను బల్ల మీద మడిచేది కాదు. ఇస్త్రీ పెట్టె కింద నుంచి తీసీ తియ్యగానే కాలరు గడ్డం కింద నొక్కిపట్టి, గుండీల వైపు గుండెలకు ఆనించుకుని, చొక్కా చేతులు రెండూ వెనక్కి మడిచేది. గుండెకు తగిలిన వేడిని బట్టి ఎక్కడ తడి మిగిలిందో చెప్పేసేది. పెళ్ళికి ముందు నుంచీ అదే అలవాటు. ఆ రొమ్ములోనే, కుడివైపు, గడ్డ తేలింది.

రొమ్ము తీసెయ్యాలని చెప్పిన డాక్టరమ్మ, కావాలంటే అదే ఆపరేషనులో సిలికాన్ సంచి పెట్టి కొత్త ఆకారం ఇస్తామని కూడా చెప్పింది. లిఫ్టులు బాగుచేసే ఆమె భర్త పక్కనే కూర్చున్నాడు.

"ప్రాణం దక్కితే చాలు. అవన్నీ మనకెందుకు?" అన్నాడు.

ఆమె మాత్రం డాక్టరమ్మ వైపు తిరిగి, "చొక్కా ఆనించుకుంటే జారిపోకుండా ఉంటుందా అమ్మా?" అని అడిగింది.

ఎన్ని రకాల ప్రశ్నలు విన్నదో గానీ ఆ డాక్టరమ్మ ఈ ప్రశ్నకి నవ్వేసింది. "ఉంటుంది. కానీ అక్కడ స్పర్శ ఉండదు. వేడి తగిలినా, చల్లన తగిలినా నీకు తెలీదు. వేడినీళ్ళ సంచి, కాపడం, అలాంటివేవీ అటు తేవద్దు" అని చిలక్కి చెప్పినట్టు చెప్పింది. భర్త విన్నాడు, చెల్లెలు విన్నది. ఈవిడ చెవికి మాత్రం "ఉంటుంది" అన్న ముక్క ఒక్కటే ఎక్కింది.

పని కోసమే పెట్టించుకున్నానని తర్వాత అందరికీ చెప్పేది. అందులో సగమే నిజం. తలుపు గడియ పెట్టుకుని అద్దం ముందు నిలబడినప్పుడు, రెండు వైపులా సమంగా కనిపిస్తే ఆమెకు ఏడుపొచ్చేంత సంతోషం వేసింది. ఆ సంగతి ఎవరితోనూ చెప్పుకోలేదు, చెల్లెలితో కూడా.

ఆపరేషను తర్వాత పక్కన వేలాడిన గొట్టాలు తీసేశారు, కుట్లు మానాయి, కీమో మొదలైంది. చెల్లెలు రోజూ కొట్టు తెరవకముందే వచ్చి అక్కకు స్నానం చేయించేది, కుడి చెయ్యి పైకెత్తనిచ్చేది కాదు, నోట్లో పుళ్ళు లేచినప్పుడు చల్లారిన గంజి చెంచాతో పట్టేది. జుట్టు ఊడిపోయిన రోజున అక్క తల తడుముకుని, "ఒక్క ముడతా లేదే! ఇంత చక్కటి ఇస్త్రీ నేను కూడా చెయ్యలేను" అంది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే చెల్లెలు ఆమె చేత ఒట్టు వేయించుకుంది, పెట్టె ముట్టుకోనని. భర్తయితే ఒట్టుతో ఆగలేదు. "పెట్టె ముట్టుకున్నావని తెలిసిందో, కొట్టు అమ్మి పారేస్తాను" అన్నాడు. అతను అన్నంత పనీ చేసే మనిషి.

ఆమె పెట్టె ముట్టుకోనంత మాత్రాన పని ఆగదు కదా. చెల్లెలే ఇస్త్రీ కూడా చేస్తోంది. అదే ఆమెకు మింగుడుపడలేదు. చెల్లెలు చెడగొడుతుందేమోనని కాదు, బాగా చేస్తుందేమోనని.

ఒక మధ్యాహ్నం ఒంట్లో కాస్త కులాసాగా ఉంది. ఆమెకు తెల్లకణాలు పడిపోకుండా వేసే సూదిమందు కోసం చెల్లెలు ఆసుపత్రికి వెళ్ళింది. కొట్టు ఇంటి కిందే. పెద్ద హోటలు వాళ్ళ కోట్లు ఇస్త్రీకి వేలాడుతూ ఉంటాయని ఆమెకు తెలుసు. రెండు వరసల ఇత్తడి గుండీల కోట్లు అవి, ఎన్నో ఏళ్ళుగా ఆమె చేతి మీదుగా పోయినవి. ఊరికే చూసొద్దామని దిగింది. చూసింది. ఒక్కటి చేద్దామనుకుంది. ఎడమ చేత్తో పెట్టె నడిపింది, కుడి చేత్తో బట్ట సర్దింది. తీసిన కోటు తీసినట్టే గుండెలకు ఆనించుకుని మడిచింది. జారలేదు. డాక్టరమ్మ నిజమే చెప్పిందని మురిసిపోయింది. ఒక్కటితో ఆగలేదు. ఎడమ వైపు చురుక్కుమంటే అటు జరగకుండా కోటును కుడి వైపుకు అదుముకుంది. అటు ఏ బాధా లేదు మరి.

మర్నాడు స్నానం చేయిస్తూ చెల్లెలు ఆగిపోయింది. కొత్త రొమ్ము మీద గుండ్రటి బొబ్బలు, ఒకదాని కింద ఒకటి. చెల్లెలు వాటిని చాలాసేపు చూసింది.

"వేడి సంచి గానీ పెట్టుకున్నావా అక్కా?" అంది చివరికి.

"ఊఁ" అంది ఆమె. అంత తేలిగ్గా దారి దొరికితే ఎవరు మాత్రం కాదంటారు?

మామూలు ఒళ్ళయితే ఆ బొబ్బలు మానిపోయేవి. కీమోలో ఉన్న ఒళ్ళు అది. చూస్తుండగానే చీము పట్టింది, జ్వరం తన్నుకొచ్చింది. లోపలి సిలికాన్ సంచి తీసెయ్యక తప్పదనీ, పుండు మానేదాకా కీమో కూడా ఆపాలనీ డాక్టరమ్మ చెప్పింది. "ఎలా కాలింది?" అని అడిగింది. భర్త భార్య వైపు తిరిగాడు. "కొట్టుకెళ్ళావా?" అన్నాడు.

ఆమె నోరు తెరిచేలోపే చెల్లెలు అందుకుంది. "నేనే బావా. భుజం లాగేస్తోందంటే వేడి సంచి నేనే పెట్టాను."

అతను ఆసుపత్రి అని కూడా చూడలేదు. నోటికి ఎంత మాట వస్తే అంత మాట అన్నాడు. బుద్ధి గడ్డి తిన్నదా అన్నాడు, అక్క చస్తే కొట్టంతా నీదే అనుకున్నావా అని కూడా అన్నాడు. మా ఇంటి మెట్లెక్కొద్దు అన్నాడు. చెల్లెలు తల దించుకుని నిలబడింది. మంచం మీద ఈవిడ దుప్పటి అంచు వేళ్ళతో నలుపుతూ అంతా విన్నది. పాపం, అది నిజంగానే వేడి సంచి అనుకుంటోంది, నా మీదికి మాట రాకూడదని నింద నెత్తిన వేసుకుంది అనుకుంది. అనుకుని ఊరుకుంది.

సిలికాన్ సంచి తీసేశారు. కుడి వైపు ఇప్పుడు కుట్ల గీత, దాని చుట్టూ ముడతలు పడ్డ చర్మం. భర్త సెలవు పెట్టి సేవలు చేశాడు. పాపం మంచివాడే, కానీ లిఫ్టు తలుపు లాగినట్టు చెయ్యి పట్టి లేపేవాడు. పుండు మానాక చెప్తాననుకుంది. కీమో మళ్ళీ మొదలయ్యాక చెప్తాననుకుంది. ఈ వాంతులు తగ్గనీ అనుకుంది. కింద కొట్టులో పెట్టె ఆవిరి వదిలే చప్పుడు కిటికీలోంచి వినిపిస్తూనే ఉండేది. చెల్లెలు తల ఎత్తి పైకి చూసేది కాదు. రొమ్ము పోయినందుకు ఏడ్చింది ఆమె, ఒకసారి కాదు. కానీ పొద్దున్నే మెట్ల మీద ఆ అడుగులు వినపడకపోవడం అంతకన్నా ఎక్కువగా కొరుక్కుతింది.

ఓ రోజు భర్త పనికెళ్ళాక ఉండబట్టలేక దిగింది. చెల్లెలు కోట్లు ఇస్త్రీ చేస్తోంది. "కూర్చో" అని స్టూలు జరిపిందే తప్ప పెట్టె ఆపలేదు. ఇస్త్రీ అయిన కోటును బల్ల మీదే పరిచింది, గుండీల వరస మీద మందపాటి గుడ్డ కప్పింది, ఆ తర్వాతే మడత పెట్టింది.

"ఇదేం కొత్త పద్ధతే?" అంది అక్క.

"గుండీలు కాలతాయి కదా."

అక్క స్టూలు మీంచి లేచింది. "నీకు తెలుసా?"

"ఆ బొబ్బలు గుండీ సైజులో ఉన్నాయక్కా. వేడి సంచికి గుండీలుంటాయా? అయినా ఆసుపత్రి నుంచి వచ్చి చూస్తే కోట్లన్నీ నీ మడతలో ఉన్నాయి. నేనేమన్నా గుడ్డిదాన్నా?"

"మరి ఆ రోజు నీ మీద ఎందుకు వేసుకున్నావు?"

"బావ కొట్టు అమ్మేస్తాడని. ఆ జ్వరంలో అది కూడా వింటే నువ్వు తట్టుకోలేవని." చెల్లెలు ఇంకో కోటు పరిచింది. "తర్వాత నువ్వే చెప్తావులే అనుకున్నా."

"రోజూ అనుకున్నా" అని చెల్లెలే ఆ తర్వాత మెల్లిగా అంది.

అక్క అక్కడే భర్తకు ఫోను చేసింది. అటు నుంచి సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి. "ఏమండీ, వేడి సంచి ఎవరూ పెట్టలేదు. నేనే కొట్టుకెళ్ళాను. కోట్లు నేనే ఇస్త్రీ చేశాను" అంది. సుత్తి చప్పుడు ఆగింది. కొట్టు అమ్మేస్తానంటాడని గుండె రాయి చేసుకుంది.

అతను కొట్టు ఊసే ఎత్తలేదు. "నేను దాన్ని ఎన్నేసి మాటలన్నాను! పక్కనే ఉండి విన్నావు కదే" అన్నాడు. ఫోను పెట్టేశాడు.

ఆమె ఫోను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. చెల్లెలు వచ్చి కావలించుకోలేదు, పోనీలే అనలేదు. చేతిలో ఉన్న కోటు పూర్తి చేసి, పెట్టె ప్లగ్గు తీసింది.

"పద, మెట్లెక్కిస్తాను. రేపు పొద్దున్నే వస్తా. నేను వచ్చేదాకా స్నానానికి దిగకు. నీళ్ళ వేడి నేను చూస్తాను, నీకు తెలీదు."